గోధుమ, పాలు లేకుండా వారం వంట: మా ఇంటి ఏర్పాటు

మా పెద్దమ్మాయికి తొమ్మిదో ఏట సీలియాక్ జబ్బు బయటపడింది. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. ఈ జబ్బు ఉన్నవారి కడుపులో అది పడితే ఒంట్లోని రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. అప్పటికే పేగు బాగా పాడైంది కాబట్టి పాలు కూడా అరగవని, కొంతకాలం పాలు, పెరుగు ఆపమని డాక్టరు గారు చెప్పారు. పేగు కోలుకున్నాక చాలామందికి పాలు మళ్ళీ పడతాయి. మా పిల్లకు రెండేళ్ళయినా పడలేదు. డాక్టరు గారు చెప్పినట్టు అప్పుడప్పుడూ రెండు చెంచాల పెరుగు పెట్టి చూస్తే ఆ సాయంత్రానికే కడుపు ఉబ్బిపోతుంది.

జబ్బు సంగతి తెలిసిన రోజు రాజమండ్రి నుంచి బస్సులో రావులపాలెం దాటేవరకు నేను కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. ఇంటికి రాగానే మా అత్తయ్యగారు విషయమంతా విని అడిగారు: "బియ్యం తినొచ్చన్నారా అమ్మాయ్?" తినొచ్చన్నారు. "మినుములు, పెసలు?" తినొచ్చు. "కొబ్బరి, చేపలు, కందగడ్డ?" అన్నీ తినొచ్చు. "మరి తినకూడనిదేమిటి? మా చిన్నతనంలో గోధుమపిండి డబ్బా ఏ ఇంట్లో ఉందని?"

ఆవిడ మాటతోనే నా వంటింటి లెక్క మొదలైంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి మన డెల్టా వరికి పెట్టింది పేరు. మన పలహారాలు, పిండివంటలు, పచ్చళ్ళు అన్నీ బియ్యం, మినుములు, కొబ్బరి, బెల్లం చుట్టూనే పుట్టాయి. గోధుమ మన వంటింట్లోకి ఆలస్యంగా వచ్చిన చుట్టం. దాన్ని పంపించడం కష్టం కాదు. అది చెప్పకుండా ఏయే డబ్బాల్లో దాక్కుందో కనిపెట్టడమే కష్టం. పాల సంగతి వేరు. ఆఖరున పెరుగన్నం లేకపోతే మనకు భోజనం పూర్తయినట్టే ఉండదు. ఆ లోటు తీర్చుకోవడానికి నాకు ఎక్కువ కాలం పట్టింది.

మొదట ఒక మాట గట్టిగా చెప్పాలి. కడుపు ఉబ్బరంగా ఉందనో, పక్కింటివారు చెప్పారనో మీకు మీరే గోధుమ మానేయకండి. సీలియాక్ ఉందేమోనన్న అనుమానం ఉంటే టీటీజీ అనే రక్తపరీక్ష చేస్తారు, అవసరమైతే ఎండోస్కోపీ చేసి పేగు ముక్క తీసి చూస్తారు. ఆ పరీక్షలు అయ్యేదాకా గోధుమ తింటూ ఉండాలి. ముందే మానేస్తే జబ్బు ఉన్నా పరీక్షలో కనిపించకపోవచ్చు. మా పిల్లకు రక్తం తక్కువగా ఉందని ఏడాదిపాటు ఐరన్ మందులు పోశాం, ఎత్తు పెరగలేదని బాధపడ్డాం. చివరికి అసలు సంగతి తెలిసింది ఆ రక్తపరీక్షతోనే. పాల విషయంలో కూడా అరగకపోవడం వేరు, అలర్జీ వేరు. పాలలోని చక్కెర అరగనివారికి గరిటె అంటుకుంటే ప్రమాదమేమీ లేదు. పాల అలర్జీ ఉన్నవారికి చుక్క కూడా ముప్పే. మీ ఇంట్లోది ఏదో తెలుసుకున్నాకే వంటింటి ఏర్పాటు మొదలుపెట్టండి.

డబ్బాలన్నీ దించండి

ఒక ఆదివారం వంటింటి అలమరలో ఉన్నవన్నీ కింద పరిచాను. గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, సేమియా, బ్రెడ్డు, బిస్కెట్లు, రస్కులు, నూడుల్స్ ఎవరికైనా కనిపిస్తాయి. బొంబాయి రవ్వ గోధుమతో చేసిందేనని తెలియనివారు మా వీధిలో చాలామంది ఉన్నారు. "తెల్లగా ఉంది కదా, బియ్యపు రవ్వే" అనుకుంటారు. ఇడ్లీ రవ్వ ఒక్కటే బియ్యంతో చేసేది.

కనిపించని వాటిలో మొదటిది ఇంగువ. అంగట్లో దొరికే ఇంగువ పొడి, ముద్ద రెండింటిలోనూ అసలు ఇంగువ కొంతే ఉంటుంది, మిగతాది ఏదో ఒక పిండి, బంక. ఆ పిండి చాలా రకాల్లో గోధుమదే. మేము రోజూ పప్పులో, చారులో, పులిహోరలో చిటికెడు వేస్తూ, పిల్లకు ఇంకా ఎందుకు తగ్గలేదా అని మొదటి నెలంతా తలపట్టుకున్నాం. బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది, డబ్బా వెనక చదివి తెచ్చుకోవాలి. దొరకని రోజు తాలింపులో వెల్లుల్లి వేస్తే సరి. సాంబారు పొడి, రసం పొడి, పచ్చళ్ళు, అప్పడాలు కొన్నప్పుడు కూడా ఇంగువ ఉందేమో చూడాలి. పాలలో కలిపే మాల్టు పొడుల్లో బార్లీ ఉంటుంది, చాలావాటిలో గోధుమ, పాలపొడి కూడా ఉంటాయి. సోయా సాసులో గోధుమ ఉంటుంది. ఓట్స్‌లో స్వతహాగా గ్లూటెన్ లేకపోయినా పొలంలోనూ మిల్లులోనూ గోధుమ కలుస్తుంది. మాకు ఓట్స్ లేకుండానే గడుస్తోంది కాబట్టి వాటి జోలికే పోలేదు.

పాలు దాక్కునే చోట్లు వేరు. చల్ల మిరపకాయలు పెరుగులోనో మజ్జిగలోనో ఊరినవి. పప్పన్నం మీద నెయ్యి, ఉప్మాలో నెయ్యి మనం లెక్కలోకే తీసుకోం. కోడికూరలో ముక్కలకు పెరుగు పట్టిస్తారు, బిర్యానీలో అయితే తప్పకుండా. పొట్లాల మీద 'మిల్క్ సాలిడ్స్', 'వే', 'కేసినేట్' అన్న మాటలు కనిపిస్తే అవన్నీ పాలే. 'మాల్ట్' అంటే బార్లీ. పొట్లం మీద గ్లూటెన్ ఉన్న ధాన్యాల పేర్లు, పాల పేరు విడిగా చెప్పాలని మన దేశపు ఆహార భద్రత నిబంధనలు ఉన్నాయి. 'గ్లూటెన్ లేదు' అని అచ్చువేయాలంటే కిలో సరుకులో 20 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదు. అందుకని విడి సరుకు తగ్గించి, మా పిల్ల తినేవి మాత్రం పొట్లంలోనే కొంటాను. 'గ్లూటెన్ లేని' బ్రెడ్డు, బిస్కెట్లు ఖరీదెక్కువ, చాలావాటిలో స్టార్చి, చక్కెరే ఎక్కువ. పుట్టినరోజుకు తప్ప వాటికి డబ్బు పోయకండి.

తర్వాత నిర్ణయం: ఇంట్లో చపాతీ చేయడం మానేశాను. ఒకే పొయ్యి దగ్గర రెండు వంటలు పెట్టుకుంటే ఎప్పుడో ఒకప్పుడు అట్లకాడ మారిపోతుంది. మావారికి రాత్రి చపాతీ అలవాటు. మొదటి వారం నసిగారు, ఆ తర్వాత జొన్నరొట్టెకు మారారు. దోసె పెనం, జల్లెడ, చెక్క గరిటెలు, పూరీలు వేయించిన మూకుడు మార్చేశాను. వీటిలో పాత పిండి ఎంత తోమినా పోదు. అత్తయ్యగారి పాలు, పెరుగు మాత్రం ఒక గూట్లో వేరే గరిటెతో ఉంటాయి. డెబ్భై ఏళ్ళ మనిషిని గడ్డపెరుగు మానమనడం నాకు మనసొప్పలేదు. మా పిల్లకు అరుగుదల సమస్యే కాబట్టి ఆ మాత్రం చనువు తీసుకున్నాను.

పిండిమర దగ్గర తెలిసిన సంగతి

ఇంగువ మార్చాక కూడా నెలకు రెండుమూడుసార్లు పిల్లకు కడుపునొప్పి వచ్చేది. బియ్యప్పిండి రొట్టె తిన్న మర్నాడే వస్తోందని మా అమ్మాయే గుర్తుపట్టింది. ఒకరోజు బియ్యం ఆడించడానికి వెళ్ళి మర పక్కనే నిలబడి చూశాను. నాకంటే ముందున్న ఆవిడ గోధుమలు ఆడించుకుని డబ్బా ఎత్తుకుని వెళ్ళింది. మరాయన నా బియ్యం తొట్టిలో పోశారు. మర మూతికి కట్టిన గుడ్డ గొట్టాన్ని ఆయన రెండు తట్లు తట్టగానే నా డబ్బాలోకి ముందు రాలింది తెల్లపిండి కాదు, గోధుమ రంగు పిండి. ఒక గుప్పెడు ఉంటుంది. దాని మీద నా బియ్యప్పిండి తెల్లగా పడుతోంది. ఇన్నాళ్ళూ నేను కలిపి ముద్ద చేసి పిల్లకు పెట్టింది అదే. కాళ్ళు వణికాయి. మరాయన తప్పేమీ లేదు, ఊరంతటికీ ఒకటే మర.

అప్పటి నుంచి పిండి ఇంట్లోనే. బియ్యం కడిగి, పాత చీర మీద నీడన ఆరబెట్టి, పూర్తిగా ఆరాక మిక్సీలో గ్లాసు గ్లాసుగా తిప్పి జల్లిస్తాను. జల్లెడలో మిగిలింది పారేయను, అదే ఉప్పుడు పిండికి రవ్వ. రాగులు రాళ్ళు లేకుండా కడిగి, ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో కట్టి మొలక రానిచ్చి, ఎండబెట్టి, సన్నసెగ మీద వేయించి పొడి చేస్తాను. శనగపిండి కూడా శనగపప్పు కొని ఇంట్లోనే. నెలకు రెండు ఆదివారాలు దీనికి పోతాయి. ఈ ఒక్క పనిలో బద్ధకించకండి. మా పిల్ల బరువు పెరగడం మొదలైంది ఇది మొదలుపెట్టాకే.

పొద్దున పలహారం

వారం ప్రణాళిక అంటే చాలామంది పట్టిక గీస్తారు. నేనూ గీశాను, నాలుగో రోజుకే తప్పింది. పట్టిక బదులు ఒక పిండి రుబ్బి దాని పులుపును బట్టి వంట మార్చుకోవడం నాకు కుదిరింది. ఆదివారం రాత్రి ఒక గ్లాసు మినప్పప్పు రుబ్బి, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కలుపుతాను. సోమవారం ఇడ్లీ. పనసాకులు చేతికందితే నాలుగు ఆకులు పుల్లలతో దొప్పగా కుట్టి అదే పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తే పొట్టిక్కలు. అంబాజీపేట హోటళ్ళలో దొరికే పొట్టిక్కలు ఇవే. పనసాకు వాసనకు మా పిల్ల రెండు ఎక్కువ తింటుంది.

మంగళవారం అదే పిండితో దిబ్బరొట్టె. మందపాటి మూకుడులో నూనె కాస్త ధారాళంగా వేసి, పిండి రెండు వేళ్ళ మందాన పోసి, మూతపెట్టి, సన్నసెగ మీద అడుగు ఎర్రగా కాలేదాకా కదపకుండా ఉంచాలి. తొందరపడితే లోపల పచ్చిగా ఉంటుంది. ఇరవై నిమిషాలైనా పడుతుంది. చెరకు పానకంతోనో, బెల్లం పాకంతోనో పెడితే ఆ పూట పిల్లలు బ్రెడ్డు మాటే ఎత్తరు. బుధవారానికి పిండి పులుస్తుంది, అందులో బియ్యప్పిండి, ఉల్లిపాయ, జీలకర్ర కలిపి పునుగులు వేస్తాను. బండి మీద పునుగుల్లో మైదా కలుపుతారు, అందుకే బయట కొనం.

గురువారం పెసరట్టు. గోదావరి జిల్లాల్లో పెసరట్టు అంటే లోపల ఉప్మా ఉండాల్సిందే. ఆ ఉప్మా బొంబాయి రవ్వది. దాని బదులు బియ్యం నూకలతో ఉప్మా చేస్తాను. నూకలు దోరగా వేయించి, ఒకటికి రెండున్నర నీళ్ళు పోసి మెత్తగా ఉడికిస్తే అట్టులో చక్కగా ఇముడుతుంది. శుక్రవారం ఉప్పుడు పిండి. ఇది కొత్తవారికి కొలతతో చెప్పాలి. గ్లాసు బియ్యపు రవ్వకు రెండు గ్లాసుల నీళ్ళు, గుప్పెడు నానబెట్టిన పెసరపప్పు. నూనెలో ఆవాలు, శనగపప్పు, ఎండుమిరప, కరివేపాకు తాలింపు వేసి, నీళ్ళు, పెసరపప్పు, ఉప్పు వేసి తెర్లనిచ్చి, రవ్వ పోసి ఒక్కసారి కలిపి మూత పెట్టండి. మంట బాగా తగ్గించి పది నిమిషాలు ముట్టుకోవద్దు. దించాక రెండు చెంచాల కొబ్బరి నూనె పైన వేసి గరిటె కాడతో విడదీయండి. నెయ్యి లేని లోటు కొబ్బరి నూనెతో తీరుతుంది, పైగా ఇది మన ఊరి గానుగ నూనె. మాగాయ ముక్క పక్కన పెట్టాలి. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

శనివారం అటుకులు, ఆదివారం రాగి దోసె. అటుకుల్లో వేరుశనగ గుళ్ళు, కొబ్బరి తురుము ధారాళంగా వేస్తే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు.

అన్నం, ఆ తర్వాత పెరుగు లోటు

మధ్యాహ్నం భోజనంలో మార్చాల్సింది చాలా తక్కువ. పప్పు, కూర, పచ్చడి, పులుసు అన్నీ మామూలే. కంద బచ్చలి, పనసపొట్టు ఆవ పెట్టిన కూర, ములక్కాడ పులుసు, గోంగూర రొయ్యలు, కొరమీను పులుసు, వీటిలో గోధుమ లేదు, పాలు లేవు. మజ్జిగ పులుసు ఒక్కటి మానేయాలి. దాని రుచి కావాలంటే చిక్కని కొబ్బరిపాలలో ఆనపకాయ ముక్కలు ఉడికించి, దించాక నిమ్మరసం పిండండి. పొయ్యి మీద ఉండగా పులుపు వేస్తే పాలు విరుగుతాయి.

పెరుగన్నం స్థానంలోకి మూడు వచ్చాయి. మొదటిది తరవాణి. ఇది అత్తయ్యగారు నేర్పింది. మట్టికుండలో అన్నం వార్చిన గంజి చల్లారాక పోసి, పిడికెడు అన్నం, ఒక దబ్బాకు వేసి, మూతికి గుడ్డ కట్టి నీడన పెడతారు. రెండోరోజు గంజి మళ్ళీ కలుపుతారు. మూడోరోజుకు గుడ్డ విప్పితే పుల్లటి వాసన ముక్కుకు తగులుతుంది, పైన సన్నగా బుడగలు కనిపిస్తాయి. గరిటెతో తీస్తే పలచటి మజ్జిగలా తెల్లగా జారుతుంది. అన్నంలో పోసుకుని, ఉప్పు వేసి, ఉల్లిపాయ, పచ్చిమిరప నంజుకుంటే వేసవి మధ్యాహ్నం ఒళ్ళు చల్లబడుతుంది. బూజు కట్టినా, రంగు మారినా పారబోసి కుండను మరిగే నీళ్ళతో కడిగి ఎండబెట్టాలి. వారానికోసారి ఎలాగూ కడుగుతాం. పొట్ట కోలుకోని తొలినాళ్ళలో మాత్రం మా పిల్లకు ఇది పెట్టలేదు.

రెండోది వేరుశనగ పెరుగు. గ్లాసు పల్లీలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మూడు గ్లాసుల నీళ్ళతో మెత్తగా రుబ్బి గుడ్డలో పిండాలి. ఆ పాలను అడుగంటకుండా తిప్పుతూ పచ్చివాసన పోయేదాకా కాచి, గోరువెచ్చగా అయ్యాక అరడజను పచ్చిమిరపకాయల తొడిమెలు కడిగి అందులో వేసి కదపకుండా ఉంచాలి. పాల తోడు లేకుండా తోడుకునే ఉపాయం ఇదే. తొలిసారి పలచగా, కొంచెం సాగుతూ వస్తుంది, నిరుత్సాహపడకండి. ఆ పెరుగునే తోడుగా వేస్తే రెండోసారి గట్టిగా వస్తుంది. అల్లం, కరివేపాకు, ఆవాల తాలింపు పెడితే దద్దోజనం అనుకుని తినొచ్చు. మూడోది కొబ్బరిపాలు, నీళ్ళు, నిమ్మరసం, ఉప్పు కలిపిన మజ్జిగ. అయిదు నిమిషాల పని, బడి నుంచి రాగానే ఇస్తాను.

అయితే కొబ్బరిపాలు చూడటానికి పాలలా ఉన్నా వాటిలో కాల్షియం నామమాత్రమే. తెల్లగా ఉంది కదా అని తృప్తిపడితే పిల్ల ఎముకలకు అన్యాయం చేసినట్టే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పది నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 850 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, పెద్దవాళ్ళకు 1000. నూరు మిల్లీలీటర్ల పాలలో ఉండేది దాదాపు 120. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350, పొట్టు తీయని నువ్వుల్లో 1000 దాకా, ములగాకులో 300కు పైన ఉంటుంది. ఆకుల్లో, నువ్వుల్లో ఉన్నదంతా ఒంటికి పట్టదు కాబట్టి ఒక్కదాని మీదే ఆధారపడకూడదు. మా లెక్క ఇలా ఉంటుంది: పొద్దున రెండు మూడు చెంచాల రాగిపిండితో బెల్లం జావ, మధ్యాహ్నం అన్నంలో మొదటి ముద్దకు చెంచాన్నర నువ్వుల పొడి, రోజూ ఏదో ఒక ఆకుకూర, వారానికి రెండుసార్లు ముల్లుతో సహా నమిలి తినే మెత్తళ్ళు. ఎండు మెత్తళ్ళు చింతకాయతో వండితే ముల్లు మెత్తబడుతుంది. ఆషాఢంలో ములగాకు తినాలన్న పెద్దల మాటను మేము పన్నెండు నెలలకూ పాటిస్తున్నాం. ఇంత చేసినా సరిపోదని డాక్టరు గారు మాత్ర రాశారు, దాన్ని ఆపలేదు. శాకాహారులైతే బీ12 గురించి కూడా డాక్టరును అడగండి, పాలు మానేశాక వారికి అది దొరికే దారులు మూసుకుపోతాయి. మా ఇంట్లో చేప, గుడ్డు ఉన్నాయి కాబట్టి ఆ బెంగ లేదు.

రాత్రికి తక్కువ చెబుతాను, ఎందుకంటే తక్కువే చేస్తాను. పొద్దుటి పప్పో పులుసో, వేడి అన్నం, లేదంటే జొన్నరొట్టె. కొర్రలతో పొంగలి వారానికోసారి. ఎప్పుడూ తెల్లన్నమే అయితే పీచు తగ్గి మలబద్ధకం వస్తుంది, అందుకు దంపుడు బియ్యం కొంత కలుపుతున్నాను.

బడి, పెళ్ళి, పండగ

బడిలో మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఆకలన్నవారికల్లా అన్నం పెట్టిన తల్లి పేరు అది. అక్కడి అన్నం, గుడ్డు, పల్లీ చిక్కీ మా పిల్ల తింటుంది. సాంబారు తినదు, ఇంగువ ఏదో తెలియదు కదా. వంట చేసే అమ్మతో మొదటి రోజే వెళ్ళి మాట్లాడాను. "అమ్మా, దీనికి ముందుగా, వేరే గరిటెతో వడ్డించండి" అని అడిగాను. ఆవిడ ఇప్పటికీ అలాగే పెడుతున్నారు. 'పథ్యం' అంటే ఒక పూట తప్పినా ఫరవాలేదనుకుంటారు. "ముట్టుకుంటే పేగు పుండవుతుంది" అని చెప్పండి, వింటారు.

పెళ్ళిళ్ళలో నేను నమ్మేవి తెల్లన్నం, అరటిపండు, ఇంటి నుంచి తీసుకెళ్ళిన డబ్బా. పూర్ణం బూరెలు బియ్యం, మినప తోపుతో చేసినవే అయినా, అదే నూనెలో గోధుమ పూరీ వేయించారేమో అడగాలి. నేతి చుక్క సంగతి సరేసరి. తాపేశ్వరం మడతకాజా, కాకినాడ కాజా, బొబ్బట్టు, ఇవన్నీ మైదావి. ఆత్రేయపురం పూతరేకుల్లో గోధుమ లేదు, నెయ్యి ఉంది. అందుకని వట్టి రేకులు తెచ్చుకుని, తడిగుడ్డతో మెత్తబరిచి, బెల్లంపొడి, జీడిపప్పు పొడి చల్లి, నేతి బదులు కొబ్బరి నూనె చేత్తో రాసి ఇంట్లో చుడతాను. సంక్రాంతికి అరిసెలు నూనెలో వేయిస్తే మామూలు అరిసెలే. సున్నుండలు మాత్రం నెయ్యి లేకుండా నాకు ఎప్పుడూ కుదరలేదు, వాటి బదులు నువ్వుండలు చేయండి. పాలతాలికలు కొబ్బరిపాలతో చేస్తే అసలువాటికంటే బాగుంటాయని మా ఇంట్లో అందరి మాట.

ఒక్కచోట మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది. కిందటేడు కార్తీకంలో అన్నవరం వెళ్ళాం. సత్యనారాయణ స్వామి ప్రసాదం గోధుమ రవ్వ, చక్కెర, నెయ్యి. మా పిల్లకు అది తెలుసు. అయినా వరసలో నిలబడి, ఆకు పొట్లం రెండు చేతుల్లో పట్టుకుని, విప్పి వాసన చూసి, కళ్ళకద్దుకుని తమ్ముడి చేతిలో పెట్టింది. వేడికి ఆకు చెమర్చి నెయ్యి దాని వేళ్ళకు అంటుకుంది. కొళాయి దగ్గరికి వెళ్ళి వేళ్ళు కడుక్కుని వచ్చింది. ఒక్క మాట అనలేదు.

ఇంటికొచ్చాక నాలుగుసార్లు చేసి చూస్తే ఇది కుదిరింది. గ్లాసు బియ్యం నూకలు కొబ్బరి నూనెలో మంచి వాసన వచ్చేదాకా వేయించి, రెండు గ్లాసుల నీళ్ళు, ఒక గ్లాసు పలచటి కొబ్బరిపాలు పోసి మెత్తగా ఉడికించాలి. పూర్తిగా ఉడికాకే గ్లాసున్నర బెల్లం తురుము వేయాలి, ముందే వేస్తే నూక గట్టిపడి ఇక ఉడకదు. బెల్లం కరిగి ముద్ద దగ్గరపడుతుండగా అర గ్లాసు చిక్కని కొబ్బరిపాలు, మరో మూడు చెంచాల కొబ్బరి నూనె, యాలకుల పొడి, చిటికెడు పచ్చకర్పూరం కలిపి, మూకుడు అంచులు వదిలేదాకా తిప్పి దించాలి. వేడిగా ఉండగానే విస్తరాకులో పొట్లం కట్టి పావుగంట అలా వదిలేస్తే ఆకు వాసన పడుతుంది. మా ఇంట్లో వ్రతం రోజున స్వామికి నైవేద్యం పెట్టేదీ, వీధిలో పంచేదీ ఇదే. రెండు రకాలు చేయం. మొదటి పొట్లం మా పిల్లే విప్పుతుంది.